మగ్గమునకు సుంకము, విమానమునకు మన్నన

పన్ను వేయుట ప్రభుత్వమునకు గల హక్కు. ఆ పన్నును శక్తికొలది వేయుట దానికి గల ధర్మము. హక్కును నిలుపుకొని ధర్మమును మరచిన ప్రభుత్వము స్వదేశీయులదైనను విదేశీయులదైనను ప్రజల గౌరవమునకు పాత్రము కాజాలదు. ఈ వారము మేము పాఠకుల యెదుట నుంచదలచిన విషయము మొదట వినినపుడు మన ప్రాంతమునకు సంబంధము లేనిదిగా తోచవచ్చును. అది శ్రీమంతుల సొంత విమానముల మీది ఆస్తిపన్నును గూర్చినది. జగిత్యాలలో విమానమెవరికున్నది? కోరుట్లలో విమానాశ్రయమెక్కడ నున్నది? సిరిసిల్ల సాంచెల చప్పుడు నడుమ ఈ ప్రసంగమేల? అని కొందరడుగవచ్చును. మనకు విమానము లేదు గనుకనే ఈ ప్రసంగము మనకు కావలసియున్నది. కలవాడు చెల్లింపని పన్నును లేనివాడు ఏదో యొక రూపమున చెల్లించితీరవలయును. ప్రభుత్వపు బొక్కసము శూన్యముగా నుండదు గదా!

ముందు మన మూడు పట్టణములు చెల్లించునదేమో చూతము. సిరిసిల్లలో నేతగానికి రెండు గదుల యిల్లున్నచో ఆరు నెలలకొకసారి పురపాలక సంఘమునకు ఇంటిపన్ను కట్టవలయును. ఆ యిల్లు ఏట ఏట వృద్ధి పొందునది కాదు; కురియునది, కూలునది. అయినను పన్ను తప్పదు. గడువు దాటెనా, అపరాధవడ్డీ వచ్చి కూర్చుండును. కోరుట్లలో చిన్న దుకాణము పెట్టుకొన్నవాడు ఇంటిపన్నుతోబాటు వ్యాపారపు అనుమతి రుసుము నిచ్చుకొనుచున్నాడు. జగిత్యాలలో మోటారుసైకిలు కొనిన రైతుబిడ్డ దానిని వీధిలో నడుపకముందే జీవితకాలపు పన్ను చెల్లించుచున్నాడు. దానిలో పోయించుకొను పెట్రోలుమీద మన రాష్ట్రపు విలువాధారిత పన్ను నూటికి 35 రూపాయల 20 పైసలు. కేంద్రపు సుంకము దానికి వేరు. చల్‌గల్ మార్కెట్టునకు మామిడికాయ తెచ్చు బండికి పోయు డీజిలుమీద నూటికి 27. ఇవన్నియు చెల్లించువారు తమకు ధనవంతులను పేరు కలదని యెన్నడును వినియుండలేదు.

ఇక ఉద్యోగస్థుని మాట. నెలకు 20,000 రూపాయలకు మించి జీతము తెచ్చుకొను ఉపాధ్యాయుడు, గుమాస్తా, వృత్తిపన్ను క్రింద నెలకు 200 రూపాయల వంతున చెల్లించుచున్నాడు. రాజ్యాంగము 276వ అధికరణము ఈ పన్నుకు ఏడాదికి 2,500 రూపాయలను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించినది. ఈ పరిమితి 1988లో జరిగిన అరువదవ సవరణ వలన ఏర్పడినది. నాటినుండి నేటివరకు దానిని ముట్టినవారు లేరు. అనగా నేమి? జగిత్యాల పాఠశాలలో సుద్దముక్క పట్టు పంతులును, ఆకాశమున సొంత విమానములో విహరించు కోటీశ్వరుడును ఈ విషయమున ఇంచుమించు సమానులు. సమత్వమును గూర్చి రాజ్యాంగ పీఠికలో వ్రాసికొన్నాము. అది ఈ రూపమున సిద్ధించునని మాత్రము మనము తలపలేదు.

ఇప్పుడు విమానము చెల్లించునదేమో చూడుడు. రాజ్యాంగము ఏడవ షెడ్యూలులోని రాష్ట్రముల పట్టికను తెరచిన ఒక వింత కనబడును. అందు 49వ అంశమున భూములమీద, భవనములమీద రాష్ట్రము పన్ను వేయవచ్చును. 57వ అంశమున రోడ్డుమీద నడచుటకు తగిన వాహనములమీద వేయవచ్చును. 58వ అంశమున జంతువులమీదను, పడవలమీదను వేయవచ్చును. ఎద్దును చూపి పన్నడుగవచ్చును; మానేటిలో తెప్ప వేసినవానిని పన్నడుగవచ్చును. విమానము రోడ్డుమీది వాహనము కాదు, పడవ కాదు, జంతువు కాదు, భూమికి అతుకుకొన్న భవనమంతకంటె కాదు. కావున హైదరాబాదు బేగంపేటలో రాత్రింబవళ్లు నిలిచియుండు సొంత విమానమును ఆస్తిగా నెంచి ఏటేట పన్ను కోరుటకు రాష్ట్రమునకు గాని, నగరపాలక సంఘమునకు గాని అధికారము లేదు. నిలిపినందుకు విమానాశ్రయము వారు అద్దె పుచ్చుకొందురు; అది సేవకు వెల, పన్ను కాదు. ఆస్తుల విలువమీద పన్ను వేయు అధికారము కేంద్రపు పట్టికలో 86వ అంశముగ నున్నది. వ్యవసాయభూమిని మినహాయించి, వ్యక్తులయొక్కయు కంపెనీలయొక్కయు ఆస్తుల మూలధన విలువపై పన్ను వేయుటకు పార్లమెంటునకు మాత్రమే శక్తి కలదు.

ఆ శక్తిని పార్లమెంటు ఒకప్పుడు వినియోగించినది. ఆంగ్ల ఆర్థికవేత్త నికొలస్ కాల్డారు 1956లో ఇచ్చిన నివేదికలో మన దేశపు పన్నుల తీరును పరిశీలించి, సంపదమీద ఏటేటి పన్ను అవసరమని సూచించెను. 1957లో సంపదపన్ను చట్టము వచ్చినది. 1993 నుండి దానిని కుదించి, ఉత్పత్తికి తోడ్పడని కొన్ని ఆస్తులకే పరిమితము చేసిరి. ఆ పట్టికలో నగలు, కార్లు, పట్టణపు స్థలములు మొదలగువానితోబాటు వ్యాపారమునకు వాడని పడవలును, విమానములును స్పష్టముగ చేర్చబడినవి. 2009 తరువాత 30 లక్షల రూపాయలకు మించిన విలువపై నూటికి ఒక రూపాయి వంతున పన్ను. అనగా ఏబది కోట్ల విమానమును విలాసమునకై ఉంచుకొన్నవాడు ఏటికి ఏబది లక్షలు చెల్లింపవలసియుండెను. కఠినమైన పన్నని దీని ననగలమా? తన యింటివిలువలో నూటికి ఎంత వంతు ఇంటిపన్నుగా పోవుచున్నదో సిరిసిల్ల నేతగాడు ఒకసారి లెక్కవేసి చూచుకొనవలయును.

ఈ పన్నును 2015 ఫిబ్రవరి 28న బడ్జెటు ప్రసంగములో నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ రద్దు చేసిరి. 2013–14లో దేశమంతటను వసూలైనది 1,008 కోట్లు మాత్రమే, వసూలుకు ఖర్చు హెచ్చు, ఫలము తక్కువ యని కారణము చెప్పిరి. దానికి బదులు కోటి రూపాయలకు మించిన ఆదాయము గలవారిపై నూటికి 2 వంతు అదనపు సర్‌చార్జి విధించిరి. దానివలన దాదాపు 9,000 కోట్లు రాగలవనిరి. పైకి చూచిన ఇది బాగుగనే యున్నది. వేయి పోయి తొమ్మిదివేలు వచ్చిన ఎవరు కాదందురు? కాని లోతునకు పోయి చూచిన రెండు లోపములు కనబడుచున్నవి.

మొదటిది, సర్‌చార్జి ఆదాయముపై గాని ఆస్తిపై కాదు. ఆస్తి కొండంత, చూపిన ఆదాయము ఆవగింజంత యైనవానిని అది తాకదు. విమానము కంపెనీ పేర నుండును, ఎక్కువాడు యజమాని, ఖర్చు కంపెనీది. పైగా 1961 నాటి ఆదాయపుపన్ను చట్టము క్రింది నిబంధనలలో విమానమునకు తరుగుదల నూటికి 40 వంతున వ్రాసిరి. ఏబది కోట్ల విమానమునకు మొదటి పూర్తి సంవత్సరమున 20 కోట్లు, రెండవ ఏట మిగిలిన ముప్పదిలో 12 కోట్లు లాభమునుండి తీసివేయవచ్చును. కంపెనీ పన్ను నూటికి ఇంచుమించు 25 అనుకొన్నచో మొదటి యేడే అయిదు కోట్ల పన్ను తగ్గును. ఇల్లు పాతబడెనని నేతగాని యింటిపన్ను ఇట్లు కరగిపోవుట మేమెరుగము.

రెండవ లోపము రాష్ట్రములకు సంబంధించినది. దీనిని మన పట్టణవాసులు ముఖ్యముగ గమనింపవలయును. సంపదపన్ను కేంద్రము వసూలు చేసినను, రాజ్యాంగము 270వ అధికరణము ప్రకారము రాష్ట్రములతో పంచుకొనదగిన నిధిలో చేరునది. సర్‌చార్జి 271వ అధికరణము క్రిందిది. అది యావత్తును కేంద్రమునకే చెందును, రాష్ట్రములకు దానిలో దమ్మిడీ రాదు. 15వ ఆర్థికసంఘము 2021–26 కాలమునకు పంపకపు నిధిలో నూటికి 41 వంతు రాష్ట్రములకు నిర్ణయించినది. సర్‌చార్జి ఎంత పెరిగినను ఈ నలుబదియొక వంతు లెక్కకు అది రాదు. పంచవలసిన పన్నును తీసివేసి పంచనక్కరలేని పన్నును పెట్టుట యనగా, ఉమ్మడి గాదెలోని గింజలను సొంత గాదెకు మార్చుకొనుటయే గదా! 2015 నాటి మార్పులో శ్రీమంతునికి విమానపు పన్ను పోయినది. కేంద్రమునకు రాబడి పెరిగినది. రాష్ట్రమునకు వాటా పోయినది. సిరిసిల్ల మురుగుకాలువకు, కోరుట్ల మంచినీటికి, జగిత్యాల ఆసుపత్రికి రావలసిన ధనపు ఊట ఒకటి, చిన్నదైనను, ఎండిపోయినది.

విమానము కొనునపుడే వస్తుసేవల పన్ను భారీగా కట్టుచున్నారు గదా యని కొందరు వాదింతురు. ఆ లెక్కయు చూతము. 2017 జులై 1న ఈ పన్ను వచ్చినపుడు సొంత వాడుక విమానమును నూటికి 28 వంతు శ్రేణిలో చేర్చి, దానిపై 3 వంతు పరిహారపు సెస్సు వేసిరి. అదే దినమున కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతపు ఆడువారు చాటను ఒడిలో పెట్టుకొని చుట్టు బీడీనికూడ అదే 28 వంతు శ్రేణిలో చేర్చిరి! తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారము చుట్టి, వేయి బీడీలకింత యని కూలి తెచ్చుకొను తల్లి చేతివస్తువును, కోట్ల వెలగల విమానమును ఒకే పంక్తిలో కూర్చుండబెట్టిన ఘనత మన పన్నులవారిది. బీడీ ఆరోగ్యమునకు మంచిది కాదందురా, ఒప్పుకొందుము. కాని ఆ పన్నుభారమున అమ్మకము తగ్గినపుడు పని దినములు తగ్గునది కంపెనీ యజమానికి కాదు, చాట పట్టిన ఆడుబిడ్డకు. ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట 2025 సెప్టెంబరులో మండలివారు బీడీని 18కి దించుటకును, సొంత విమానమును 40కి పెంచుటకును నిర్ణయించిరి. ఆలస్యమైనను మంచిమాటయే. మేము దానిని అభినందించుచున్నాము.

అయితే ఆ నలుబదిలో ఒక గవాక్షము తెరచియున్నది. నలుబది వంతు పన్ను సొంత వాడుక విమానమునకే. కిరాయికి త్రిప్పునట్టి విమానమైనచో నూటికి అయిదు మాత్రమే. కావున విమానము ఏది యను ప్రశ్నకంటె కాగితముమీద దాని పేరేమి యను ప్రశ్న ముఖ్యమైపోయినది. ఇది నేటి కథ కాదు. 2007 బడ్జెటులో సొంత విమానముల దిగుమతిపై సుంకము విధించిరి. ఆ యేటి మే నెలలోనే కిరాయి సర్వీసులకు మినహాయింపు నిచ్చిరి. ఆ తరువాత కిరాయి పేర తెప్పించి సొంతమునకు వాడుకొనిరని సుంకపు అధికారులు అనేక కేసులు పెట్టిరి. వివాదములు ఏండ్లకొలది న్యాయాసనముల యెదుట నడచినవి. నిజముగ కిరాయికి త్రిప్పువానిని, రోగులను తరలించువానిని మేము నిందింపము. కిరాయి బోర్డు కట్టుకొని యజమానుని కుటుంబమునే మోయు విమానమును గూర్చియే మా ప్రశ్న. మరియు వస్తుసేవల పన్ను కొనునాడు ఒకసారి పోవునది. ఇంటిపన్ను ఏటేట వచ్చునది. ఇల్లు కట్టునాడు సిమెంటుకు పన్ను కట్టితిని గనుక ఇంటిపన్ను కట్టనని మన కోరుట్లవాడు పలికిన పురపాలకసంఘము వారు ఊరకుందురా?

ఇక నీ సమస్యకు కేంద్రమైన చిక్కు ఒకటి యున్నది. విమానము ఒకచోట నిలుచునది కాదు. యజమాని ఒక రాష్ట్రమున నుండును. విమానమును మరొక రాష్ట్రమున నుంచును. దానిని కొనిన కంపెనీ మూడవ రాష్ట్రమున నుండును. కౌలుకిచ్చిన సంస్థ గుజరాతులో గాంధీనగరము చెంతనున్న గిఫ్ట్ సిటీలో నుండవచ్చును. అచ్చట విమానపు కౌలు వ్యాపారమునకు కేంద్రము ప్రత్యేకపు రాయితీలిచ్చి ప్రోత్సహించుచున్నది. ఇట్టిదానికి పన్ను ఎవరికి చెల్లవలయును?

కార్లవిషయమున ఈ చిక్కు మనకు తెలిసినదే. ఒక రాష్ట్రమున నివసించుచు, పన్ను తక్కువగానున్న పుదుచ్చేరిలో విలాసపు కార్లను నమోదు చేయించుకొన్నవారిపై 2017లో కేరళ ప్రభుత్వము కేసులు పెట్టినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము పన్నెండు నెలలకు మించి వేరొక రాష్ట్రమున నుంచిన వాహనమునకు అచ్చట క్రొత్త నంబరు తీసికొనవలయును. అనగా కారు పారిపోయిన దానిని వెంటాడు చట్టమున్నది. బ్రతుకుతెరువునకై పొరుగు రాష్ట్రమునకు పోయి అచ్చటనే నిలిచిపోయిన మన లారీవానిని కూడ అది వెంటాడును. విమానములకు నమోదు రాష్ట్రములది కాదు. ఢిల్లీలోని పౌరవిమానయాన డైరెక్టరేటుది. దేశపు విమానములన్నిటి తోకలమీదను వీటీ యను అక్షరములే. అది ఏ యూరి విమానమని అడుగుటకే తావులేదు.

అమెరికాలో ఈ ప్రశ్న ఎన్నడో పుట్టినది. అచ్చట చాల రాష్ట్రములలో ఇండ్లకువలె విమానములకును ఆస్తిపన్ను కలదు. కాలిఫోర్నియాలో జనవరి 1వ తేదీని ప్రమాణముగ గొని కౌంటీ అధికారి విమానపు విలువ కట్టి పన్ను వేయును. విమానము ఎచ్చట వాడుకగా నిలుచునో అదియే దాని ఊరుగ నెంచుదురు. పన్నులేని రాష్ట్రమున నిలుపుకొని తప్పించుకొనువారు అచ్చటను లేకపోలేదు. 1944లో మిన్నెసోటా రాష్ట్రము తన గడ్డమీద కేంద్రకార్యాలయము గల నార్త్‌వెస్ట్ విమాన కంపెనీయొక్క విమానములన్నిటిపైన పన్ను వేయగా, అమెరికా సుప్రీముకోర్టు అయిదుగురు నలుగురు న్యాయమూర్తుల తేడాతో దానిని సమర్థించినది. పదేండ్లకు 1954లో బ్రానిఫ్ కంపెనీ కేసులో, విమానము నియమముగ వచ్చిపోవు నెబ్రాస్కా రాష్ట్రము తన వంతు మేరకు పన్ను వేయవచ్చునని తీర్పు చెప్పినది. అవి ప్రయాణికుల కంపెనీల కేసులైనను వానిలోని సూత్రము గ్రహింపదగినది. ఆస్తి కదలుచున్నంతమాత్రమున అది పన్నుకు అతీతము కాదు. కదలిక ననుసరించి పంచుకొనుటయే న్యాయము.

మన దేశమున పంచుకొనుటకు బదులు పోటీ నడచుచున్నది. విమానపు ఇంధనము వస్తుసేవల పన్నులో చేరలేదు. రాష్ట్రములు తమ యిష్టము వచ్చినట్లు పన్ను వేయవచ్చును. 2021లో కేంద్ర విమానయాన మంత్రి దీనిని 1 నుండి 4 వంతులకు దించవలసినదని రాష్ట్రములను కోరిరి. అనేక రాష్ట్రములు దించినవి. విమానము వచ్చి తమ యింట వాలుటకు ఒకరినిమించి యొకరు తగ్గించుట! ఆటోలో పోయు పెట్రోలుకు ఈ పోటీ యేల లేదు? ఆటో మరొక రాష్ట్రమునకు ఎగిరిపోదు గనుక. ఎగిరిపోగలవానికి రాయితీ, ఎగురలేనివానికి పన్ను, ఇదియా స్వరాజ్యపు నీతి? మెత్తనివానిని చూచిన మొత్తబుద్ధి యగునని పెద్దలు ఊరకనలేదు.

మన ప్రాంతమువారు విమానమెక్కరని తలపకుడు. ఎక్కుదురు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలనుండి దుబాయి, మస్కటు, దోహాలకు పోవు మన బిడ్డలు వేలకొలది గలరు. పుస్తె తాకట్టు పెట్టి, వీసాకు అప్పుచేసి, శంషాబాదులో విమానమెక్కుదురు. వారి చవుక తరగతి టికెట్టుపై నూటికి అయిదు పన్ను కలదు. విమానాశ్రయము వాడినందుకు రుసుము కలదు. కొందరు తిరుగుప్రయాణములో పెట్టెలో శవములై వచ్చుచున్నారు. ఒక్క సీటుకు పన్ను కట్టు కూలివానికిని, విమానమంతయు తనదైనవానికిని గల తేడా యేమనగా, మొదటివాడు ఎక్కినప్పుడెల్ల కట్టును. రెండవవాడు ఆ విమానము తన ఆస్తియై యున్నందులకు ఏటేట ఏమియు కట్టడు.

మాకు వచ్చు ఆక్షేపణలను ముందుగనే విచారింతము. ఈ పన్నువలన వచ్చునది స్వల్పమందురు. నిజమే, దేశపు బడ్జెటులో అది సముద్రమున కాకిరెట్ట. కాని వసూలుకు ఖర్చు హెచ్చను మాట విమానములవిషయమున చెల్లదు. బంగారమును గోడలో దాచవచ్చును. స్థలమును బినామీపేర వ్రాయవచ్చును. విమానమును దాచుట యెట్లు? ప్రతి విమానమునకు నమోదు సంఖ్య కలదు; ఎగిరిన ప్రతిసారి ఎచ్చటినుండి ఎచ్చటికని ముందుగ తెలుపవలయును; దిగిన ప్రతి విమానాశ్రయమున లెక్క వ్రాయబడును. ఒక గుమాస్తా, ఒక పుస్తకము చాలును. దేశమున ఇంతకంటె సులభముగ పన్ను వేయదగిన ఆస్తి వేరొకటి లేదు. స్వల్పమని విడుచుటయే న్యాయమైనచో సిరిసిల్లలో రేకుల కప్పు క్రింది యింటికి వచ్చు కొన్ని వందల రూపాయలను ఏల విడువరు?

పరిశ్రమల యజమానులకు కాలము విలువైనది, విమానము అవసరమందురు. అవసరమైన నుంచుకొనుడు. సాంచె కూడ నేతగానికి అవసరమే. ఆవశ్యకత పన్నునకు అడ్డమైనచో మొదట మినహాయింపు సాంచెకే రావలయును. నేతవస్త్రములపై పన్నును 5 నుండి 12కు 2022 జనవరి 1 నుండి పెంచుటకు నిశ్చయించినపుడు ఈ అవసరవాదమును ఢిల్లీలో నెవరును పలుకలేదు. మరమగ్గముల పట్టణములు గగ్గోలు పెట్టిన పిదప 2021 డిసెంబరు 31న, గడువునకు ముందునాడు, ఆ పెంపును నిలిపివేసిరి. ఆ నాడు ఆసాములు, వైపని కార్మికులు, సాంచెలు నడుపువారు ఏకమై పలికినందుననే అది నిలిచినది. అడిగినవానికే ఇచ్చుట ప్రభుత్వముల స్వభావము. కావుననే అడుగుమని మేము చెప్పుచున్నాము.

పన్ను వేసిన విమానములు విదేశములకు పోవునందురు. సొంత విమానము యజమానికి సౌకర్యమునకై యున్నది; యజమాని ఇచ్చట, విమానమచ్చట నున్న సౌకర్యమేమి? అయినను కాగితములను దాటించువారుందురు. కావున పన్ను పేరుమీద గాక వాడుకమీద నుండవలయును. కౌలుకు తెచ్చుకొన్నను, కంపెనీపేర నున్నను, ఎవని ఆజ్ఞపై విమానము లేచునో వాడే పన్నుకు బాధ్యుడు కావలయును.

చరిత్రను ఒకసారి తలపోయుడు. మగ్గముమీద పన్ను ఈ దేశమున పాతది. కాకతీయుల, విజయనగర రాజుల శాసనములలో మగ్గపు పన్ను కనబడును. కుంఫిణీవారు తమ యేలుబడిలోని తెలుగు జిల్లాలలో మొహతర్ఫా యను పేర మగ్గమునకు, దుకాణమునకు, ఇంటికి పన్ను వసూలు చేసిరి. ఏలయన మగ్గము పారిపోలేదు, గుంటలో పాతుకొనియుండును. ఉప్పు లేక పేదవాడు బ్రదుకలేడు గనుక ఉప్పుమీద పన్ను వేసిరి. 1930లో మహాత్ముడు దండియాత్ర సలిపినది ఉప్పు వెల కొరకు కాదు. కదలలేనివానిమీద, కాదనలేనివానిమీద పన్ను వేయు నీతిని ధిక్కరించుటకు. ఆ నీతి తెల్లవారితో ఓడయెక్కి పోయినదని మనము తలంచితిమి. అది పోలేదు, రూపము మార్చుకొని యిచ్చటనే యున్నది.

కావున మేము కోరునది ఇది. పార్లమెంటు 86వ అంశము క్రింద సొంత విమానములపైనను, హెలికాప్టర్లపైనను విలువలో నూటికి ఒకటికి తక్కువ గాకుండ ఏటేటి ఆస్తిపన్ను మరల విధింపవలయును. అది సర్‌చార్జిగ గాని సెస్సుగ గాని కాక, రాష్ట్రములకు వాటా వచ్చు పన్నుగ నుండవలయును. దేశమంతటను ఒకే రేటైనచో విమానమును ఏ రాష్ట్రమున నిలిపినను తప్పించుకొను మార్గముండదు. రాష్ట్రముల నడుమ తగ్గింపు పోటీయు నుండదు. కిరాయి పేర మినహాయింపు కోరువారు ఎవరిని ఎన్నిమార్లు మోసిరో లెక్క చూపవలయును. వృత్తిపన్ను పరిమితిని సవరించి, చిన్న జీతగానిపై తగ్గించి, కోటీశ్వరునిపై హెచ్చింపవలయును. వీనిలో ఏ యొక్కటియు విపరీతపు కోరిక కాదు. మొదటిది 2015 వరకు ఈ దేశపు చట్టమే.

పఠనాలయములలో ఈ పత్రికను చదువు మిత్రులకు ఒక విన్నపము. జగిత్యాల, కోరుట్ల నియోజకవర్గములు నిజామాబాదు లోక్‌సభ స్థానములోను, సిరిసిల్ల కరీంనగరు స్థానములోను చేరియున్నవి. ఆ యిద్దరు సభ్యులకును మీ మీ సంఘముల పక్షమున తీర్మానములు పంపుడు. మీ పురపాలక సంఘములచే తీర్మానములు చేయింపుడు. నేతకార్మికులు, బీడీకార్మికులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు కలసి ఒక సభ జరుపుడు. సభ్యుని ఒక్క ప్రశ్న అడుగుడు: మా యింటికి పన్ను కలదు, మీ మిత్రుని విమానమునకు ఏల లేదు? ప్రశ్న చిన్నది. ఉత్తరము చెప్పక తప్పించుకొన్నచో, ఎన్నికలనాడు మరల నడుగుడు. పన్ను చెల్లించుటకు మేము వెనుదీయువారము కాము. ఒక్కరమే చెల్లించుటకు మాత్రము ఒప్పుకొనము.